నాన్నగారి కోసం ‘నేకెడ్ గన్’: నవ్వని పోలీసును తెలుగులోకి తేవడం ఎలా?

వైనతేయ ఒడ్డు (రాజోలు)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 78 ఏళ్ళు. తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మోకాలి శస్త్రచికిత్స తరువాత రెండు నెలలుగా ఇంటిపట్టునే ఉంటున్నారు కనుక, సాయంత్రం పూట ఆయనకు పాత హాస్య చిత్రాలు చూపిస్తున్నాను. చాప్లిన్‌తోనూ బస్టర్ కీటన్‌తోనూ ఏ ఇబ్బందీ రాలేదు, వాటికి మాటలతో పని లేదు. ఇప్పుడు 1988లో వచ్చిన ‘నేకెడ్ గన్’ చూపించాలని నా కోరిక. ఆయనకు ఇంగ్లీషు చదవడం వచ్చును గాని అమెరికా ఉచ్చారణ చెవికెక్కదు. అందుచేత తెలుగు సబ్‌టైటిళ్ళు నేనే రాయడం మొదలుపెట్టాను.

చూడనివారి కోసం రెండు మాటలు. ఫ్రాంక్ డ్రెబిన్ అనే పోలీసు అధికారి లాస్ ఏంజెలెస్‌లో ఒక కుట్రను ఛేదించడానికి బయలుదేరుతాడు. ఆ నగరానికి రాబోయే ఎలిజబెత్ రాణిని హత్య చేయడానికి పన్నిన కుట్ర అది. అతడు అడుగుపెట్టిన చోటల్లా ఏదో ఒకటి విరుగుతుంది, కాలుతుంది, కూలుతుంది. అతడి ముఖంలో మాత్రం చలనం ఉండదు. తన కారే దొర్లుకుంటూ తన మీదికి వస్తుంటే, ఎవరో దాడి చేస్తున్నారనుకుని దాని మీద కాల్పులు జరుపుతాడు. లెస్లీ నీల్సన్ ఈ పాత్ర వేశారు.

మొదటి ఇరవై నిమిషాల సంభాషణలు రాసి చదువుకున్నాను. ఒక్కచోట కూడా నవ్వు రాలేదు. హాస్య చిత్రం కదా అని డ్రెబిన్ చేత మన గోదావరి యాస పలికించాను. “ఓరి నాయనో”, “ఏటండీ బాబూ ఇది” వంటి మాటలు అతడి నోట పెట్టాను. బొమ్మ చూస్తే నవ్వు వస్తోంది, కింద అక్షరాలు చదివితే ఆ నవ్వు ఆగిపోతోంది. నేను ఎక్కడ తప్పుతున్నానో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రాజమండ్రి మాట్నీ (రాజమహేంద్రవరం)

మంచి ప్రశ్న అడిగారమ్మా. తప్పు మీ తెలుగులో లేదు. ఎవరి నోట ఏ తెలుగు పెట్టారన్న దగ్గర ఉంది. ఈ చిత్రం ఎలా పుట్టిందో చూస్తే అది తేటపడుతుంది.

డేవిడ్ జుకర్, జెర్రీ జుకర్, జిమ్ అబ్రహామ్స్ అనే ముగ్గురు మిత్రులు 1980లో ‘ఎయిర్‌ప్లేన్’ అనే హాస్య చిత్రం తీశారు. 1957 నాటి ‘జీరో అవర్’ అనే గంభీరమైన విమాన ప్రమాద చిత్రపు హక్కులు కొని, ఆ కథనూ చాలా సంభాషణలనూ ఉన్నవి ఉన్నట్టుగా వాడుకున్నారు. హాస్యనటులను తీసుకోకుండా రాబర్ట్ స్టాక్, పీటర్ గ్రేవ్స్, లాయిడ్ బ్రిడ్జెస్, లెస్లీ నీల్సన్ వంటి, అంతవరకు అధికారుల పాత్రలూ నాయక పాత్రలూ వేసిన నటులను ఎంచుకున్నారు. తాము హాస్య చిత్రంలో ఉన్నామన్న సంగతి తమకు తెలియనట్టుగా నటించమని వారిని కోరారు. నీల్సన్ అప్పటికి ముప్పై ఏళ్ళుగా అటువంటి పాత్రలే వేస్తున్నారు. 1972లో వచ్చిన ‘పొసైడన్ అడ్వెంచర్’లో మునిగిపోయే ఓడకు కెప్టెన్ ఆయనే. ఆ గొంతునూ ఆ నిలువునూ ఆ నెరిసిన జుట్టునూ చూసి నమ్మడానికి ప్రేక్షకుడు ముందే సిద్ధపడి ఉంటాడు.

ఆ ముగ్గురే 1982లో ఏబీసీ ఛానెల్‌కు ‘పోలీస్ స్క్వాడ్’ అనే ధారావాహిక తీశారు. లీ మార్విన్ నటించిన 1957–60 నాటి ‘ఎం స్క్వాడ్’ అనే పోలీసు ధారావాహికకు అది పేరడీ. తీసినవి ఆరు భాగాలు. మార్చిలో నాలుగు ప్రసారం కాగానే ఛానెల్ దానిని ఆపివేసి, మిగిలిన రెండింటినీ వేసవిలో వేసింది. చూస్తే తప్ప ఆ హాస్యం అందదన్నది ఛానెల్ అధికారి చెప్పిన కారణం. ఆ మాట నిజమే. డ్రెబిన్ కారు ఆపేటప్పుడు గుద్దే చెత్తడబ్బాల సంఖ్య ఆ భాగం వరుస సంఖ్యతో సమానంగా ఉంటుంది. ఇంట్లో పనులు చేసుకుంటూ ఒక చెవి పడవేసి వినేవారికి అది తెలిసే దారి లేదు. ఆ ఆరు భాగాలకే నీల్సన్‌కు ఎమ్మీ అనే టీవీ పురస్కారానికి ప్రతిపాదన దక్కింది. తరువాత ఆరేళ్ళకు అదే డ్రెబిన్ వెండితెర మీదికి వచ్చి మూడు చిత్రాలు నడిచాడు: 1988, 1991, 1994.

ఇంకొక పోలిక కూడా మీకు పనికి వస్తుంది. పీటర్ సెల్లర్స్ వేసిన ఇన్‌స్పెక్టర్ క్లూసో కూడా తప్పటడుగుల పోలీసే. 1963 నాటి ‘పింక్ పాంథర్’లో అసలు నాయకుడు డేవిడ్ నివెన్, క్లూసో పక్కనుండే పాత్ర. ఆ పాత్రను మొదట పీటర్ ఉస్తినోవ్ వేయవలసి ఉండగా ఆయన తప్పుకోవడంతో సెల్లర్స్ వచ్చి చిత్రమంతా తనదిగా చేసుకున్నారు. మరుసటి ఏడాదే వచ్చిన ‘ఎ షాట్ ఇన్ ది డార్క్’ ఒక రంగస్థల నాటకం ఆధారంగా మొదలైనది. దానిలోకి దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ క్లూసోను తెచ్చిపెట్టారు. క్లూసో చుట్టూ ఉన్న లోకం బాగానే ఉంటుంది, అతడొక్కడే తేడా; అందుకే అతడి పై అధికారి డ్రైఫస్‌కు కన్ను అదరడం మొదలై చివరకు మతి చలిస్తుంది. డ్రెబిన్ చుట్టూ ఉన్న లోకం అటువంటిది కాదు. అక్కడ అందరూ అతడి వంటివారే కనుక, ఎవ్వరూ ఆశ్చర్యపోరు. మీరు “ఓరి నాయనో” అని రాయగానే ఒక మనిషి ఆశ్చర్యపోయినట్టయింది. ఆ లోకానికి అక్కడే చిల్లు పడింది.

చివరి బెంచీ (తణుకు)

మాట్నీ గారి చరిత్రతో నాకు పేచీ లేదు గాని, ఆయన చెప్పిన ముగింపుతో ఏకీభవించలేను. మన ప్రాంతంలో హాస్యం మాటలో ఉంటుంది. జారిపడటం, తలుపు ముక్కుకు తగలడం వంటి వాటికి మన పెద్దవారు ఒకటి రెండుసార్లు నవ్వి ఊరుకుంటారు. మాట విరుపు ఉంటేనే పది కాలాలపాటు చెప్పుకుంటారు. మీ నాన్నగారు తెలుగు పండితులు కూడా. అటువంటి వారికి చప్పటి భాషలో సబ్‌టైటిల్ ఇస్తే పాఠ్యపుస్తకం చదివినట్టు ఉంటుంది. యాసను తీసివేయవద్దనే నా సలహా. ఇంకా పెంచి చూడండి.

నరసాపురం రేవు (నరసాపురం)

చివరి బెంచీ గారు మాట విరుపు అన్నారు కనుక మా ఊరి బిడ్డ జంధ్యాల గారిని తలచుకోకుండా ఉండలేను. ఆయన 1951లో నరసాపురంలో పుట్టారు. తడబడే డిటెక్టివ్ మీద తెలుగులో వచ్చిన చిత్రాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ‘చంటబ్బాయ్’ని 1986లో ఆయనే తీశారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల దానికి ఆధారం. డిటెక్టివ్ పాండురంగారావుగా నటించిన చిరంజీవి గారిది మొగల్తూరు, ఇక్కడికి పక్కనే. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిస్టర్ పార్వతీశం కూడా మొగల్తూరు నుండే ఓడ ఎక్కడానికి బయలుదేరాడు. ప్రపంచం తనను చూసి నవ్వుతున్నా తన గౌరవాన్ని తాను వదులుకోని మనిషి మా డెల్టా మూలకు కొత్తవాడు కాదని చెప్పడానికే ఇవి రాస్తున్నాను.

ఆ చిత్రంలో నాకు కనబడినది ఒకటి ఉంది. పాండురంగారావు తాను గొప్ప డిటెక్టివునని మనసారా నమ్ముతాడు. తనను తాను జేమ్స్ పాండ్ అని చెప్పుకునేటప్పుడు అతడు వెక్కిరించడు, కన్ను గీటడు. మాటల చమత్కారం జంధ్యాల గారిదే గాని, దానిని మోసినది ఆ నమ్మకం.

మన సినిమాల్లో తప్పటడుగుల పోలీసు లేడా అంటే, ఎందరో ఉన్నారు. అయితే వారంతా కానిస్టేబుళ్ళు, హెడ్ కానిస్టేబుళ్ళు. కథ నడిపే ఇన్‌స్పెక్టరు మీసం మెలివేసి నిటారుగా ఉంటాడు, నవ్వుల భారమంతా పక్కనున్న పొట్టవాడి మీద పడుతుంది. కామెడీ ట్రాక్ అని దానికి వేరే పేరు, వేరే రచయిత, ఒక్కోసారి వేరే షూటింగు. ‘నేకెడ్ గన్’లో ఆ విభజన లేదు. డ్రెబిన్ పై అధికారి ఎడ్ హాకెన్‌గా వేసిన జార్జ్ కెన్నెడీ 1967 నాటి ‘కూల్ హ్యాండ్ లూక్’కు ఆస్కారు పొందిన నటుడు. ప్రతినాయకుడిగా వేసిన రికార్డో మాంటల్బాన్ అయినా అంతే, ఎక్కడా పరాచికాలాడరు. మీరు యాస పెట్టగానే డ్రెబిన్ తన కుర్చీలోంచి లేచి ఆ కామెడీ ట్రాక్ కానిస్టేబులు పక్కన కూర్చున్నాడు. నా లెక్కకు జరిగిన పొరపాటు అదే.

నేను ఈ చిత్రాన్ని మొదట వీడియో క్యాసెట్టు మీద చూశాను. సఖినేటిపల్లి నుండి మా మేనమామ పంటు మీద గోదావరి దాటించి తెచ్చారు. మరునాడు ఉదయానికి తిరిగి ఇవ్వాలి. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవారు ఒక్కరే. మిగిలిన తొమ్మిదిమంది దేనికి నవ్వారో ఇప్పటికీ గుర్తుంది: మేయరు గారు పత్రికలవారితో మాట్లాడుతుండగా డ్రెబిన్ చొక్కాకు తగిలించిన మైకు తీయకుండా మరుగుదొడ్డికి వెళ్ళే ఘట్టం. అక్కడ మీరు ఒక్క అక్షరమైనా రాయవలసిన పని లేదు.

పలకచప్పుడు (కాకినాడ)

జారిపడే హాస్యం మనది కాదని చివరి బెంచీ గారు అన్న మాట నన్ను నొప్పించింది. అది మనది కూడా.

ఇటువంటి హాస్యాన్ని ఇంగ్లీషులో స్లాప్‌స్టిక్ అంటారు. ఆ మాట ఒక వస్తువు పేరు. పాతకాలపు ఇటలీ వీధి నాటకాలలో రెండు పలుచని చెక్కలను ఒక పిడికి బిగించి, దానితో ఎదుటివాడిని కొట్టేవారు. దెబ్బ మెల్లగానే తగిలేది గాని చప్పుడు మాత్రం పెళ్ళున మోగేది. ఇప్పుడు మా కాకినాడ పక్కనున్న మాధవపట్నం వెళ్ళి తోలుబొమ్మలాట చూడండి. బొమ్మలాడించేవారు తెర వెనుక కాలి కింద చెక్క పలకలు పెట్టుకుని, బొమ్మకు దెబ్బ తగిలిన ప్రతిసారీ వాటిని తొక్కి చప్పుడు చేస్తారు. రావణుడి సభ మధ్యలో కేతిగాడూ జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి తన్నుకుంటుంటే తెల్లవారుజామున కూడా పిల్లలు నిద్ర లేచి కూర్చునేవారు. చిన్నతనంలో నేనూ వారిలో ఒకడిని. ఎక్కడో ఇటలీలో చేతిలో ఉన్న చెక్క ఇక్కడ కాలి కింద ఉంది; పని ఒక్కటే.

డ్రెబిన్‌కు మన దగ్గర ఇంకా దగ్గరి చుట్టం ఒకడున్నాడు. పిట్టలదొరను గుర్తు చేసుకోండి. చిరిగిన ఖాకీ కోటు, తలపై టోపీ, భుజాన చెక్క తుపాకి. వీధి మధ్య నిలబడి, ఊరు ఊరంతా తన జాగీరే అన్నట్టు, లేని ఏనుగులనూ లేని బంగళాలనూ దానం చేస్తూ పెద్ద గొంతుతో ప్రకటిస్తాడు. అరుగుల మీద వారంతా నవ్వుతారు, అతడు మాత్రం నవ్వడు. పిట్టలదొర నవ్వితే అతడికి ఆ రోజు బియ్యం పుట్టవని మా తాతగారు అనేవారు. అతడి భాషను గమనించండి. యాస కాదది. దొరల భాషను, కచేరీ భాషను, ఉత్తర్వుల భాషను అతడు పట్టుకుని మాట్లాడతాడు.

రైటరు గారి బల్ల (భీమవరం)

ఉత్తర్వుల భాష అన్నారు కనుక నేను కలగజేసుకుంటున్నాను. నేను 31 సంవత్సరాలు పోలీసు శాఖలో పనిచేశాను, అందులో సగానికి పైగా స్టేషన్ రైటరుగా. నా చేతి మీదుగా పోయిన ఫిర్యాదులకూ మధ్యవర్తుల నామాలకూ (పంచనామాలకూ) లెక్క లేదు. కేస్ డైరీ ఎలా రాస్తామో ఒకసారి చూడండి: “సదరు సమాచారము అందిన వెంటనే నేను నా సిబ్బందితో సంఘటనా స్థలమునకు చేరుకొని, మధ్యవర్తుల సమక్షమున పరిశీలించగా…” ఆ స్థలంలో కోడి చచ్చినా, మనిషి చచ్చినా వాక్యం అదే. రాసేవాడు కోపపడకూడదు, జాలిపడకూడదు, ఆశ్చర్యపోకూడదు. పండుగ రోజుల్లో కోడిపందేల మీద దాడి చేసి, పట్టుబడిన పుంజులను నామాలో చేర్చేటప్పుడు రంగు, ఈకలు, కత్తి కట్టిన కాలు అన్నీ ఇదే భాషలో రాశాను. రాసేటప్పుడు నాకు నవ్వు రాలేదు. ఇంటికి వెళ్ళి మా ఇంటావిడకు చదివి వినిపిస్తే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది.

డ్రెబిన్ మాట్లాడేది ఈ భాషే. నేను ఆ చిత్రాన్ని ఇంగ్లీషులోనే మూడుసార్లు చూశాను. అతడి సహచరుడు నార్డ్‌బర్గ్ తూటాలు తగిలి ఆసుపత్రిలో పడి ఉంటే, అతడి భార్యను ఓదార్చడానికి వెళతాడు కదా. ఈ పని చేసిన దుర్మార్గుడు కటకటాల వెనుకకు చేరేవరకు తమలో ఏ ఒక్కరూ నిమిషమైనా విశ్రమించరని మాట ఇచ్చి, ఆ వెంటనే ఏదైనా తిందాం పదమంటాడు. దీనిని తెలుగులోకి తెచ్చేటప్పుడు మొదటి సగాన్ని గంభీరంగా రాసి, రెండవ సగాన్ని వాడుక మాటలోకి దించాలని చేయి లాగుతుంది. దించవద్దు. రెండు సగాలూ ఒకే కలంతో రాయండి: “ఈ ఘాతుకమునకు పాల్పడిన వ్యక్తిని కటకటాల వెనుకకు పంపునంతవరకు మా సిబ్బందిలో ఏ ఒక్కరూ నిమిషమైనా విశ్రమించరు. ఇక భోజనమునకు బయలుదేరుదము.” వాక్యం మారలేదు, గొంతు మారలేదు, మనిషి మాత్రం ఆకలి మీద ఉన్నాడని తెలిసిపోయింది.

ఇంకొక సంగతి. నీల్సన్ తండ్రి కెనడా మౌంటెడ్ పోలీసు దళంలో కానిస్టేబులు. చాలా కఠినమైన మనిషి అని చదివాను. ఖాకీ మనిషి నిలబడే తీరు, ఎదుటివారితో మాట్లాడేటప్పుడు గడ్డం ఎత్తే తీరు ఆ పిల్లవాడు ఇంట్లోనే చూసి ఉంటాడని నా నమ్మకం. దశాబ్దాలపాటు అటువంటి అధికారులతో కలిసి పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఆ నిలబడటంలో ఎక్కడా కల్తీ లేదు.

చివరి బెంచీ (తణుకు)

రైటరు గారి రెండు వాక్యాలూ మా ఇంట్లో పైకి చదివాను. అమ్మ నవ్వింది. నేను యాస గురించి అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. మాట విరుపు గురించి అన్నదాన్ని మాత్రం తీసుకోను. విరుపు ఇక్కడ కూడా ఉంది, పదంలో కాకుండా రెండు వాక్యాల నడుమ ఉన్న ఖాళీలో ఉంది.

2025లో వచ్చిన కొత్త ‘నేకెడ్ గన్’ చిత్రం చూసినవారున్నారా? అకీవా షాఫర్ తీశారు. డ్రెబిన్ కొడుకుగా లియామ్ నీసన్ నటించారు. 2008లో ‘టేకెన్’ వచ్చినప్పటి నుండి కూతురి కోసం, కుటుంబం కోసం తుపాకి పట్టిన తండ్రిగానే మనం ఆయనను చూశాము. మాట్నీ గారు చెప్పిన సూత్రాన్నే మళ్ళీ వాడారని ఇప్పుడు అర్థమవుతోంది.

రాజమండ్రి మాట్నీ (రాజమహేంద్రవరం)

చూశాను. నీసన్ ముఖం కదలదు, అది బాగుంది. పెద్ద హాస్యనటుడిని తీసుకుని ఉంటే ఆ చిత్రం నిలబడేది కాదు. 1968లో ‘ఇన్‌స్పెక్టర్ క్లూసో’లో అలన్ ఆర్కిన్ కూడా, 2006లో స్టీవ్ మార్టిన్ కూడా సమర్థులైన నటులే; అయినా వారు వేసిన క్లూసోలో ఒక మనిషి హాస్యం చేస్తున్నాడన్న ఎరుక నాకు ప్రతి నిమిషం కలిగింది. సెల్లర్స్ క్లూసోలో ఆ ఎరుక ఉండదు. నేల మీద పడి లేచి, పడటమే తన ఉద్దేశమన్నట్టు కోటు సర్దుకుంటాడు.

వైనతేయ ఒడ్డు (రాజోలు)

అందరికీ కృతజ్ఞతలు. రైటరు గారు చెప్పిన పద్ధతిలో నిన్న రాత్రి ఆసుపత్రి ఘట్టమంతా తిరగరాశాను. ఎడ్ హాకెన్ చెప్పే మాట ఇలా వచ్చింది: “నార్డ్‌బర్గ్ బతికే అవకాశం సగానికి సగం ఉన్నదని వైద్యులు తెలియజేసియున్నారు. అయితే ఆ అవకాశం ఉండే అవకాశం నూటికి పది మాత్రమే.” చదివినప్పుడు నాకే నవ్వు వచ్చింది.

ఇప్పుడు మూడు సందేహాలు మిగిలాయి. పదాల మీద ఆడే ఆటలను ఏం చేయాలి? తెర వెనుక గోడల మీద, బోర్డుల మీద ఉండే రాతలను తెలుగు చేయాలా? చిత్రం చివరి భాగమంతా బేస్‌బాల్ ఆట మీద నడుస్తుంది. నాన్నగారికి ఆ ఆట ఏమిటో తెలియదు.

రాజమండ్రి మాట్నీ (రాజమహేంద్రవరం)

పదాల ఆటల్లో రెండు జాతులున్నాయి. ఒకటి శబ్దం మీద ఆధారపడుతుంది. ‘ఎయిర్‌ప్లేన్’లో ‘నిశ్చయంగా’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటను నీల్సన్ షర్లీ అనే ఆడపేరుగా విని, తనను అలా పిలవవద్దంటాడు. దానిని ఎవరూ తెలుగు చేయలేరు. అటువంటిది ఎదురైతే అర్థం మాత్రం రాసి ముందుకు వెళ్ళండి. రెండవ జాతి తర్కం మీద నడుస్తుంది, అది తెలుగులోకి హాయిగా వస్తుంది. అదే చిత్రంలో జబ్బుపడినవారిని ఆసుపత్రికి చేర్చాలని డాక్టరు అనగానే, పరిచారిక కంగారుగా ఏమిటది అని అడుగుతుంది. రోగులుండే పెద్ద భవనమని ఆయన జవాబిస్తాడు. “ఆసుపత్రికా? ఏమిటది?” అని మనమూ జబ్బు గురించి అదే విధంగా అడుగుతాము కనుక ఆ జవాబు మన చెవికీ అంతే సూటిగా తగులుతుంది. డ్రెబిన్ లోకంలో ఎవరైనా ఒకే మాటతో ఏదైనా ఇవ్వజూపే చోట్ల కూడా ఇంతే. “సిగరెట్టా?” అంటే “అవునండి, సిగరెట్టే” అనడానికి మన వ్యాకరణం అడ్డురాదు.

బోర్డుల సంగతి. ముఖ్యమైనవాటిని తెర పై భాగంలో చిన్న అక్షరాలతో ఇవ్వండి, సంభాషణ కింద ఉంచండి. రెండూ ఒకేసారి వస్తే బోర్డును వదిలివేయండి. వెనుక జరిగేదాన్ని కన్నే పట్టుకోవాలి. చదువుతూ కూర్చుంటే కన్నుకు తీరిక ఉండదు.

చివరి బెంచీ (తణుకు)

సాంకేతిక విషయం ఒకటి. కొన్ని పాత టీవీలు పెన్‌డ్రైవులోని తెలుగు సబ్‌టైటిల్ ఫైలును సరిగా చూపించవు. ఒత్తులు విడిపోతాయి, లేదా అక్షరాలకు బదులు గడులు వస్తాయి. కంప్యూటరులోనే సబ్‌టైటిళ్ళను బొమ్మలో కలిపివేసి, ఆ తరువాత టీవీకి ఎక్కించండి. అక్షరం పెద్దదిగా, పసుపు రంగులో, నల్లటి అంచుతో ఉంటే పెద్దవారి కళ్ళకు సుఖంగా ఉంటుంది. ఒక తెరకు రెండు వరుసలు మించనీయకండి. రైటరు గారి భాష గంభీరంగా ఉంటుంది గాని పొడవు కూడా ఎక్కువ; “సంఘటనా స్థలమునకు చేరుకొని” చదవడం పూర్తయ్యేలోపు డ్రెబిన్ మరో స్థలానికి చేరుకుంటాడు. గాంభీర్యం ఉంచి, పొడవు తగ్గించండి.

రైటరు గారి బల్ల (భీమవరం)

తమ్ముడు చెప్పినది న్యాయమైన మాట. “సదరు”, “తెలియజేసియున్నారు”, “సమక్షమున” వంటి మాట వాక్యానికి ఒక్కటి చాలు.

బేస్‌బాల్ గురించి బెంగ వద్దు. డ్రెబిన్ అంపైరు వేషం వేసుకుని మైదానంలోకి దిగుతాడు. ఒక నిర్ణయం చెప్పగానే జనం కేకలు వేస్తే, ఆ కేకల రుచి మరిగి, ఆటగాడు బంతి వేయకముందే నిర్ణయాలు చెప్పడం మొదలుపెడతాడు. క్రికెట్ అంపైరును ఎరిగినవారికి దానిని విడమరచి చెప్పనక్కరలేదు. అంతకు ముందు వేరొక గాయకుడి స్థానంలో నిలబడి, పదాలు రాక అమెరికా జాతీయగీతాన్ని నోటికి వచ్చినట్టు పాడే ఘట్టం ఉంది. అక్కడ మన గీతంలోని మాటలు వాడవద్దు. సబ్‌టైటిలే ఇవ్వకండి. అతడి కళ్ళలోని భయం చాలు.

మొదటి ఘట్టం మీ నాన్నగారికి మనకంటే బాగా అందుతుందని నాకు అనిపిస్తోంది. బీరూట్‌లో ఒక గదిలో ఖొమేనీ, గడాఫీ, అరాఫత్, ఈదీ అమీన్, గోర్బచేవ్ కూర్చుని అమెరికా మీద కుట్ర చేస్తుంటారు; పనివాడి వేషంలో ఉన్న డ్రెబిన్ వారిని చితకబాది, గోర్బచేవ్ నుదుటి మీది పుట్టుమచ్చను తుడిచివేస్తాడు. ఈనాటి పిల్లలకు వారెవరో చెప్పాలి. 1980లలో రోజూ దినపత్రిక చదివిన ఉపాధ్యాయుడికి ఆ ముఖాలన్నీ తెలుసు.

వైనతేయ ఒడ్డు (రాజోలు)

నిన్న సాయంత్రం చూపించాను. జరిగినది జరిగినట్టుగా రాస్తున్నాను.

రైటరు గారు ఊహించినట్టే గోర్బచేవ్ మచ్చ దగ్గర మొదటి నవ్వు వచ్చింది; ఆ నవ్వుకు మోకాలు నొప్పి చేసి ఒక నిమిషం ఆపవలసి వచ్చింది. టైటిళ్ళలో పోలీసు కారు మీది దీపం వెంట మనం రోడ్లూ, ఇంటి గదులూ, చివరకు రోలర్ కోస్టరూ దాటిపోతుంటే ఆయన ఏమీ అనలేదు. గాయపడిన నార్డ్‌బర్గ్ తల కొట్టుకుని, వేడి పొయ్యి మీద చేయి పెట్టి, తడి రంగుకు అంటుకుని, కేకులో ముఖం పెట్టి, ఎలుగుబంటి బోనులో కాలు వేసి, పడవ మీది నుండి నీళ్ళలో పడిపోయే ఘట్టంలో నాకు భయం వేసింది, అది మరీ ఎక్కువగా ఉంటుందేమోనని. ఆయన కుర్చీ చేతిని అరచేతితో తట్టుతూ చూశారు, ప్రతి దెబ్బకూ ఒకసారి. పలకచప్పుడు గారికి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలనుకున్నాను.

ఆసుపత్రి ఘట్టంలో “ఇక భోజనమునకు బయలుదేరుదము” అని రాగానే చేయెత్తి, మళ్ళీ వెనక్కి తిప్పమన్నారు. మూడుసార్లు తిప్పాను. మూడవసారి పైకి చదివారు, తరగతిలో పద్యం చదివే గొంతుతో. వంటగదిలో ఉన్న మా అమ్మ గరిటెతో సహా బయటికి వచ్చి, భోజనానికి ఇంకా గంట పడుతుందని చెప్పింది.

నా అనువాదంలో ఆయన ఒక్క దోషం పట్టుకున్నారు. “అవకాశం ఉండే అవకాశం” బలహీనంగా ఉందట. “అయితే సదరు అవకాశమునకు గల అవకాశము నూటికి పది” అని దిద్దమన్నారు. రైటరు గారి “సదరు” ఆయనకు తగిలిందన్నమాట. ఈ రోజు ఉదయం ఫైలులో దిద్దాను.

వచ్చే ఆదివారానికి సెల్లర్స్ గారి 1964 చిత్రం తీసి ఉంచమన్నారు. అందులో క్లూసో ఫ్రెంచి యాసతో ఇంగ్లీషు మాట్లాడతాడు. దానిని అక్షరాల్లో ఎలా చూపాలో మాట్నీ గారు చెప్పాలి.

రాజమండ్రి మాట్నీ (రాజమహేంద్రవరం)

క్లూసో మాటలను శుద్ధమైన తెలుగులోనే రాయండి. ఎదుటివారికి అర్థం కాక తిరిగి అడిగే చోట మాత్రం ఒక్క అక్షరం మార్చండి, అదీ ఆ ఒక్క మాటలో. అతడు సరిగానే పలుకుతున్నానని నమ్ముతాడు కనుక, మన రాత కూడా అతడి పక్షాన ఉండాలి.

రైటరు గారి బల్ల (భీమవరం)

ఆదివారం మధ్యాహ్నం నరసాపురం రేవులో పంటు ఎక్కి వస్తాను. మాస్టారికి అభ్యంతరం లేకపోతే నాకూ ఒక కుర్చీ వేయించండి. పుంజుల నామా నకలు నా దగ్గర లేదు గాని, అందులోని వాక్యాలు చాలావరకు నోటికి వచ్చు.

వైనతేయ ఒడ్డు (రాజోలు)

నాన్నగారితో చెప్పాను. భోజనం వేళకే రమ్మన్నారు.